తుక్కు కారు యజమానురాలు

ఆ పసుపు కాగితాన్ని మా సందులో అందరికంటే ముందు చూసింది నేనే. ఇందులో నా గొప్పేమీ లేదు, మా సందులో ఏది జరిగినా ముందు చూసేది నేనే. పొద్దున పాలు తెచ్చుకుని వస్తుంటే మాస్టారి కారు ముందద్దం మీద ఏదో అంటించి ఉంది. పాల ప్యాకెట్టు చంకలో పెట్టుకుని దగ్గరికి వెళ్లాను. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి, ఆఫీసు వాళ్ల భాష చదవాలంటే మాట కింద వేలు పెట్టుకుని ఒక్కొక్కటీ నమిలి మింగాలి. నమిలాను.

అందులో ఉన్నది ఇది. రోడ్డు పక్కన కదలకుండా పడి ఉన్న ఈ వాహనం తుక్కు కింద లెక్క. టైరులో గాలి లేదు. వెనక లైట్లు వెలగవు. వాహనం మీద మొక్కలు పెరుగుతున్నాయి. తన ఇంజనుతో తాను నడిచేలా లేదు. యజమానికి అభ్యంతరం ఉంటే మున్సిపల్ ఆఫీసుకు వచ్చి చెప్పుకోవాలి. లేకపోతే నెలాఖరున క్రేను వచ్చి తుక్కు యార్డుకు పట్టుకుపోతుంది.

అడుగున యజమాని పేరు రాసి ఉంది. అది మాస్టారి పేరు కాదు. ఆయన భార్య పేరు.

చంకలో పాల ప్యాకెట్టు జారి కింద పడింది. క్రేను వస్తుందన్నందుకు కాదు. గోడకు గోడ ఆనుకుని ఇన్నేళ్లు కాపురం చేసి, వాళ్లింట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో, ఏ తలుపు వానాకాలంలో బిగుసుకుంటుందో తెలిసిన దాన్ని. అలాంటి నాకు ఆ కారు ఎవరిదో తెలియదని ఆ కాగితం నడివీధిలో చాటింపు వేస్తోంది.

మాస్టారంటే డ్రైవింగ్ మాస్టారు. మా చుట్టుపక్కల స్టీరింగు పట్టుకున్న ప్రతి చెయ్యీ ముందు ఆయన చేతి కింద వణికిందే. మందుల షాపాయన, నర్సమ్మ, నా అల్లుళ్లిద్దరూ, ఆఖరికి కార్లు బాగుచేసే మెకానిక్కు కూడా ఆయన శిష్యులే. ఆ కారును మేమంతా ‘బడి’ అనేవాళ్లం. మీగడ రంగు బడి. దాని పక్క సీటు కింద రెండో బ్రేకు, రెండో క్లచ్చి ఉంటాయి. నేర్చుకునేవాడు గోడ మీదకు పోతుంటే మాస్టారు తన కాలితో ఆపడానికి.

ఆయన కారు నడపగా నేను చూసింది చాలా తక్కువ. ఆయన జీవితమంతా పక్క సీట్లోనే గడిచింది. స్టీరింగు అవతలివాళ్ల చేతిలో ఉండాలి, బ్రేకు తన కాలి కింద ఉండాలి. అప్పుడే ఆయనకు లోకం సవ్యంగా నడుస్తున్నట్టు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, బస్సులో కూర్చుంటే డ్రైవరు మలుపు తిప్పిన ప్రతిసారీ ఆయన కుడికాలు నేలను నొక్కుతుంది. మంగలి కత్తి చెవి దగ్గరకు వస్తే కాలు నొక్కుతుంది. మా ఇంటికొచ్చి కాఫీ తాగుతూ నా కబుర్లు వింటున్నప్పుడు కూడా, నేను కాస్త జోరందుకోగానే ఆ కాలు మెల్లగా నేలకు అదుముకోవడం నేను గమనించకపోలేదు. గమనించినా నేను ఆగలేదు, అది వేరే సంగతి.

ఏసీ కార్లతో కొత్త స్కూళ్లు వచ్చాక మాస్టారికి శిష్యులు తగ్గారు. ఆ తర్వాత మోకాలు పట్టేసింది. బడి వాళ్ల ప్రహరీ గోడ పక్కన ఆగిపోయింది. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి ఇంజను స్టార్టు చేసి, డాక్టరు గుండె విన్నట్టు తల వంచి విని, ఆపేసి వచ్చేవారు. కదిపేవారు కాదు. ఎందుకంటే ఆయన భార్య గోడ వారన పగిలిన బకెట్లో వేసిన చిక్కుడు విత్తు మొలిచి, తీగ సాగి, వెనక బంపరు పట్టుకుని, తలుపు పిడి చుట్టుకుని పైకి పాకింది. తీగ తెగుతుందని ఆయన కారు కదపలేదు. కారు కదలదు కదా అని తీగ ఇంకాస్త పాకింది.

ఇక ఆ భార్య. నన్ను వదినా అని పిలుస్తుంది కాబట్టి నాకు మరదలు. రక్తసంబంధం ఏమీ లేదు, గోడ సంబంధం. టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. అవతల ఎవరు ఎంత అరిచినా గొంతు పెంచకుండా ‘లైన్లో ఉండండి’ అని చెప్పి చెప్పి, ఆవిడ గొంతు ఇస్త్రీ చేసిన బట్టలా తయారైంది. ఎక్కడా ముడత పడదు. ఆవిడ కారెక్కితే వెనక సీట్లోనే కూర్చుంటుంది. ఒళ్లో చేతిసంచి, సంచి మీద రెండు చేతులు.

నోటీసు సంగతి చెప్పి, ఆ కారు నీ పేరు మీద ఎందుకుందని నిలదీశాను.

“అప్పట్లో నెల జీతం నాదే కదా వదినా. బ్యాంకు వాళ్లు నా సంతకమే అడిగారు.”

“మరి నాకెప్పుడూ చెప్పలేదే?”

“మీరెప్పుడూ అడగలేదుగా.”

ఈ లోకంలో నేను అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయిందని ఆ రోజే తెలిసింది.

ఇంకో సంగతి మాత్రం నాకు ముందే తెలుసు, ఎందుకంటే అప్పుడు నేను గేటు దగ్గరే ఉన్నాను. కారు కొన్న కొత్తలో మాస్టారు మొదటి శిష్యురాలిగా ఆవిడనే కూర్చోబెట్టారు. కారు కదలడం, ఆగిపోవడం. మళ్లీ కదలడం, మళ్లీ ఆగిపోవడం. కొన్నాళ్లు అలా కుదుపుల మీద గడిచాక, నీకు కాలూ చెయ్యీ కలవడం లేదు, ఇది నీ వల్ల కాదు అని ఆయన తేల్చేశారు. ఆవిడ దిగి వెనక సీట్లోకి వెళ్లి కూర్చుంది. వారం రోజులు వాళ్లింట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినిపించలేదు. ఆ తర్వాత ఊరందరికీ ఆ కారే నేర్పింది, ఆవిడ తప్ప.

ఆఫీసుకు ముగ్గురం వెళ్లాం. నన్నెవరూ పిలవలేదు, కానీ రావద్దని కూడా అనలేదు. తుక్కు వాహనాల విభాగం వరండా చివర ఉంది. అక్కడ మేం కూర్చున్న బెంచీకి ఒక కాలు బదులు ఇటుకలు పెట్టారు. బీరువా తలుపు తాడుతో కట్టి ఉంది. గోడ పగులులో రావి మొలక ఒకటి ఠీవిగా నిలబడి ఉంది. మాస్టారు వాటన్నిటినీ ఒకసారి చూసి, నోటీసును ఒకసారి చూసి, మీసం దువ్వుకున్నారు.

ఇన్‌స్పెక్టరు చిన్నపిల్ల. నా పెద్ద మనవరాలి ఈడు ఉంటుంది. కుదురుగా మాట్లాడుతుంది. మాస్టారు నోటీసులోని ఒక్కో మాటకూ పాఠం చెప్పినట్టు జవాబు చెప్పారు. గాలి లేకపోవడం గాలి లోపమే గానీ టైరు లోపం కాదన్నారు. పాకడం తీగ స్వభావం, దానికి కారును తప్పు పట్టకూడదన్నారు. అన్నిటికంటే ఆయనకు మండింది ‘కదలకుండా పడి ఉన్న’ అన్న మాటకి.

“నిలిపిన బండి నిలబడే ఉంటుందమ్మా. హ్యాండ్ బ్రేకు వేశాక కూడా కదిలిందంటే అప్పుడు భయపడాలి.”

ఆ పిల్ల నవ్వు ఆపుకుంది. ఇవన్నీ రాసుకుంటానంది. కానీ నిబంధన ఒక్కటే అని చెప్పింది. నెలాఖరున తను క్రేనుతో సహా వస్తుంది. యజమాని ఆ బండిని తన ఎదుట స్టార్టు చేసి, సందు చివర మలుపు దాకా నడిపి, తిరిగి తెచ్చి అదే చోట ఆపి చూపిస్తే నోటీసు రద్దు. చూపించలేకపోతే క్రేను ఖాళీగా వెళ్లదు.

అప్పుడు కాగితంలో పేరు చూసి మా మరదలి వైపు తిరిగింది. మీరు నడపనక్కర్లేదు మేడమ్, సారుకు అధికారం ఇస్తున్నట్టు రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి చాలు అంటూ తెల్ల కాగితం, పెన్ను ముందుకు జరిపింది. మాస్టారు హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలారు.

మా మరదలు పెన్ను తీసుకుంది. దాని వైపు కాసేపు చూసింది. మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

“బండి నాది. నేనే నడుపుతాను.”

బల్ల కింద మాస్టారి కుడికాలు నేలను అదిమింది. నేను చూశాను.

“లైసెన్సు ఉందా మేడమ్?” అంది ఇన్‌స్పెక్టరు.

“లేదమ్మా. నేర్చుకునేవాళ్లకి ఇస్తారుగా, అది తీసుకుంటాను. పక్కన మాస్టారు కూర్చోవాలి, అంతేగా? మాస్టారు ఇంట్లోనే ఉన్నారు.”

తిరిగి వస్తుంటే బస్సులో నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఇద్దరూ చెరో వైపు తిరిగారు. కాసేపటికి మాస్టారు, ఒక్క సంతకంతో పోయేదాన్ని ఇంత చేస్తోంది, కారు తుక్కులో కలిశాక ఏడ్చి లాభం లేదని మీరైనా చెప్పండి అక్కయ్యా అన్నారు. నేను మరదలి వైపు తిరిగాను.

“ఆయనకీ ఒక మాట చెప్పండి వదినా. సంతకం పెడితే కారు మిగులుతుంది, నిజమే. నేను మళ్లీ వెనక సీట్లో మిగులుతాను.”

ఇదిగో ఇలాంటప్పుడు మధ్యలో కూర్చున్న మనిషి ఏం చెప్పాలో ఎవరూ నేర్పరు. నేను టిక్కెట్టును నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పాను.

ఆవిడ లెర్నర్ లైసెన్సు పరీక్షకు వెళ్లి, బొమ్మల ప్రశ్నలన్నిటికీ గడగడా జవాబులు చెప్పి వచ్చింది. ఇన్నేళ్లుగా మాస్టారు ముందు గదిలో శిష్యులకు రోడ్డు గుర్తులు చెబుతుంటే, వంటింట్లోంచి విన్నదే. మెకానిక్కు వచ్చి టైరు మార్చాడు, బ్యాటరీ చూశాడు, వెనక లైట్లకు కొత్త బల్బులు వేశాడు. తీగను మాత్రం ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, జడ చిక్కు తీసినట్టు ఒక్కో నులితీగనూ తలుపు పిడి నుంచి, బంపరు నుంచి విడదీసి, బకెట్టుతో సహా మా గోడ మీదకు మళ్లించింది. ఎక్కడా తెగలేదు. ఇలాంటి చేతులకు కాలు కలవదంటే నాకు అప్పుడే ఎక్కడో అనుమానం మొదలైంది.

పాఠాలు సాయంత్రాలు జరిగేవి. చూడ్డానికి సందంతా వచ్చేది. వచ్చినవాళ్లంతా పాత శిష్యులే కాబట్టి ఎవరి సలహా వాళ్లకు సిద్ధంగా ఉంది. క్లచ్చి మెల్లగా వదలండమ్మా అని మందుల షాపాయన, కాస్త యాక్సిలరేటరు తొక్కండి పిన్నీ అని నర్సమ్మ. ఎదురింటి కొత్త కారాయన మాత్రం సలహా ఇవ్వకుండా, చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఆయన కారు పడవంత ఉంటుంది, మా సందులో తిప్పడానికి చోటు చాలదు. మీగడ కారు నిలబడ్డ చోటు వైపు ఆయన చూసే చూపు, ఖాళీ అయ్యే ఇంటిని అద్దెకు చూసుకునేవాడి చూపులా ఉండేది. ఆఫీసుకు ఫోను చేసింది మీరేనా నాయనా అని ఒకసారి తిన్నగా అడిగేశాను. నేనెందుకు చేస్తానండీ పెద్దమ్మగారూ అన్నాడు గానీ, చెవులు మాత్రం టమాటా పళ్లయ్యాయి. నాకు అంత చాలు.

కారు మాత్రం వెనకటి కథే చెప్పింది. స్టార్టవుతుంది, జానెడు కదులుతుంది, గుర్రుమని ఆగిపోతుంది. మాస్టారు గొంతు పోయేలా ధైర్యం చెప్పేవారు. ఒకసారి, కాలూ చెయ్యీ అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి మిగతాది మింగేశారు. మెకానిక్కు బానెట్టు ఎత్తి అందులో తల పెట్టేసేవాడు. ఇంజనులో ఏ లోపమూ లేదనేవాడు. మరి లోపం ఎక్కడుందో పైకి ఎవరూ అనకపోయినా, అందరూ స్టీరింగు వైపు చూసేవాళ్లు. ఆవిడ దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, రేపు చూద్దాం అని లోపలికి వెళ్లిపోయేది. నెలాఖరు దగ్గరపడుతోంది. రాత్రి అన్నం సరిగ్గా తినడం లేదని గిన్నెలు కడిగేటప్పుడు వాళ్ల పెరట్లో పడ్డ మెతుకులే నాకు చెప్పాయి.

నేర్చుకునేవాళ్ల కారుకు ముందు ఎవరూ నిలబడరు. వెనక కూడా ఎవరూ నిలబడరు. తెలివైనవాళ్లంతా పక్కన, గోడకు ఆనుకుని నిలబడతారు. నేను ఒక సాయంత్రం వెనక నిలబడ్డాను. మెకానిక్కు వేసిన కొత్త బల్బులు ఎలా వెలుగుతాయో చూడాలని కోరిక. చక్కగా ఎర్రగా వెలిగాయి. కారు ఆగింది, లైట్లు ఆరాయి. మళ్లీ స్టార్టు చేసింది, జానెడు కదిలింది, లైట్లు వెలిగాయి, కారు ఆగింది. ఇలా కొన్నిసార్లు చూశాక మెకానిక్కును బానెట్టులోంచి బయటికి లాగాను.

“ఈ ఎర్ర లైట్లు ఎప్పుడు వెలుగుతాయి బాబూ?”

“బ్రేకు తొక్కితే వెలుగుతాయి పెద్దమ్మా.”

“బయల్దేరేటప్పుడు బ్రేకు తొక్కుతారా?”

“ఎవరైనా తొక్కుతారా పెద్దమ్మా, తొక్కితే బండి చచ్చిపోదూ?” అని వాడు మళ్లీ బానెట్టులోకి దూరిపోయాడు.

నేను వెనక తలుపు తీసుకుని లోపలికి ఎక్కి కూర్చున్నాను. బరువెక్కువైతే కొత్తవాళ్లకు కష్టం అక్కయ్యా అన్నారు మాస్టారు. నేను కూర్చున్నాక ఎవరు దింపగలరు? రెండు సీట్ల మధ్య నుంచి తల పెట్టి కిందకు చూశాను.

మా మరదలి కాళ్లు ఉండాల్సిన చోటే ఉన్నాయి. క్లచ్చి మీద కాలు పాలు పొంగకుండా మంట తగ్గించినంత మెత్తగా లేస్తోంది. కారు కదిలింది. పక్కన మాస్టారు, “వెళ్లు, వెళ్లు, భయమెందుకు, నేనున్నానుగా” అంటున్నారు. అలా అంటూనే ఆయన కుడికాలు, నిద్రలో పసిపిల్లాడి కాలు కదిలినట్టు తనంతట తాను లేచి, బ్రేకు మీద వాలి, గట్టిగా అదిమింది. కారు ఆగిపోయింది. నోరు వెళ్లమంటోంది, కాలు ఆపేస్తోంది. ఆయన ముఖంలోకి చూశాను. ఆ కాలు చేసిన పని ఆయనకు తెలియనే తెలియదు.

ఆ రాత్రే గోడ దగ్గరికి పిలిచి మా మరదలికి చెప్పాను. ఆవిడ చేతిలో తడిబట్ట పిండుతూ అలాగే ఆగిపోయింది.

“అప్పట్లో కూడానా వదినా?” అంది.

“అప్పట్లో నేను వెనక సీట్లో లేనుగా తల్లీ.”

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఇస్త్రీ గొంతు మనిషి, గోడ పట్టుకుని కిందకు జారి కూర్చుని మరీ నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తడి ఏ రకానిదో అడుగుదామనుకున్నాను. నా జన్మలో అడగకుండా వదిలేసిన ప్రశ్నల్లో అది రెండోది.

ఇప్పుడే వెళ్లి తమ్ముణ్ణి కడిగేద్దాం పద అన్నాను. వద్దంది. చెబితే కాదంటారు, లేదా రేపటి నుంచి నోటితో ఒప్పుకుంటారు, కాలు మాత్రం ఎవరి మాటా వినదు, నేను చూసుకుంటాను, మీరు ఎవరికీ చెప్పొద్దు అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. నన్ను! నెలాఖరు దాకా నా కడుపు ఉబ్బిపోయి అన్నం సహించలేదు. నర్సమ్మ వచ్చి బీపీ చూసి వెళ్లింది.

ఆ రోజు వచ్చింది. సందు మొదట్లో క్రేను నిలబడింది, కొక్కెం గాల్లో ఊగుతూ. ఇన్‌స్పెక్టరు అట్టకు కాగితం బిగించుకుని మా గేటు ముందు నిలబడింది. కొత్త కారాయన ఆఫీసుకు సెలవు పెట్టినట్టున్నాడు. మా మరదలు ఉతికి ఆరేసిన నీలం చీర కట్టుకుని, చేతిసంచి వెనక సీట్లో పెట్టి, తను ముందు సీట్లో కూర్చుంది. మాస్టారు పక్క సీట్లో కూర్చున్నారు. ఆయన ముఖం పరీక్ష హాలు బయట నిలబడ్డ తండ్రి ముఖంలా ఉంది.

స్టార్టయింది. జానెడు కదిలింది. ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు ఫర్లేదన్నట్టు తల ఊపింది. మళ్లీ స్టార్టయింది, మళ్లీ ఆగిపోయింది. క్రేను డ్రైవరు చేతికి తొడుగు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇంకొక్కసారి మేడమ్, ఆ తర్వాత నేను రాయాల్సి వస్తుంది అంది ఇన్‌స్పెక్టరు. ఆ గొంతులో బాధ నిజంగానే ఉంది. ఆ పిల్ల పెన్ను మూత తీసింది. నేను కారు కిటికీకి ఎంత దగ్గరగా జరిగానంటే, నా ముక్కు సగం దించిన అద్దానికి తగిలింది.

మా మరదలు స్టీరింగు మీంచి చేతులు తీయలేదు, తల తిప్పలేదు.

“ఏమండీ. కాళ్లు పైకి తీసి సీటు మీద బాసింపట్టు వేసుకోండి.”

“ఏమిటీ?”

“ముందు వేసుకోండి.”

మాస్టారు దిక్కు తోచక కిటికీలోంచి ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. పక్కన మాస్టారు కూర్చోవాలని కదా నిబంధన అన్నారు. కూర్చోమనే ఉంది సార్, కాళ్లు ఎక్కడ పెట్టాలో లేదు అంది ఆ పిల్ల.

అప్పుడాయన కిందకు చూసుకున్నారు. ఆయన కాలు బ్రేకు మీద ఉంది. ఇంజను ఆగిపోయి ఇంతసేపైనా, ఇంకా అదుముతూనే ఉంది. పక్కింటివాళ్ల కుక్క తన ఇంట్లో దూరితే చూసినట్టు ఆయన దాన్ని చూశారు.

“నేనా?” అన్నారు.

“మీరే.”

“ఎప్పట్నుంచి?”

ఆవిడ కళ్లు మలుపు వైపే ఉన్నాయి. ఆయనే అన్నారు, గొంతు బాగా తగ్గించి. కిటికీ దగ్గర నేను లేకపోతే అది ఎవరికీ వినిపించేది కాదు.

“మొదటి రోజు ఆ మలుపులో లారీ వచ్చింది. నీ వైపుకే వచ్చేసింది. గుర్తుందా?”

“వచ్చింది. వెళ్లిపోయింది. చాలా ఏళ్లయింది.”

ఊరందరి పిల్లల్నీ లారీల మధ్యలోకి నడిపించి కన్నార్పని మనిషికి, ఆ ఒక్క లారీ కాలి కింద ఉండిపోయిందన్నమాట. మాస్టారు ఎడమకాలు పైకి తీసుకున్నారు. పట్టేసిన మోకాలు తేలిగ్గా వంగదు కాబట్టి, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి, సీటు మీద పెట్టుకుని, దాని మీద చేతులు వేసి పట్టుకున్నారు. పీట మీద కూర్చోబెట్టిన పెద్దమనిషిలా ఉన్నారు.

ఇంజను స్టార్టయింది. జానెడు కదిలింది. మూర కదిలింది. మా గేటు దాటింది. వెనక ఎర్ర లైట్లు వెలగలేదు. మందుల షాపాయన, రెండో గేరు రెండో గేరు అని కారు పక్కన పరిగెత్తాడు. ఆయన చెప్పేలోపే గేరు పడింది. కారు మలుపు దాకా వెళ్లింది, హారను కొట్టింది, మలుపు తిరిగింది.

తిరిగి రాలేదు.

అందరం మలుపు వైపు చూస్తూ నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంది. పారిపోయారేమో అన్నాడు కొత్త కారాయన. ఎక్కడికి పారిపోతారు నాయనా, కుక్కరు పొయ్యి మీదే ఉందన్నాను నేను. అన్నాను గానీ నా కళ్లు మలుపు మీంచి కదల్లేదు. మలుపు అవతల బజారు రోడ్డు, బజారు రోడ్డు నిండా లారీలు.

హారను వెనక నుంచి వినిపించింది. తిరిగి చూస్తే సందు మొదట్లో, క్రేను వెనకాల మీగడ కారు నిలబడి ఉంది. ఊరు చుట్టి వచ్చింది. క్రేను దారికి అడ్డంగా ఉంది కాబట్టి మర్యాదగా దూరంగా ఆగి, ఇంకోసారి హారను కొట్టింది. క్రేను డ్రైవరు తొడుగులు విప్పి పక్కన పెట్టి, కొక్కెం దించుకుని, అంత పెద్ద బండినీ మెల్లగా పక్కకు తీసి, తుక్కు కారుకు దారి ఇచ్చాడు.

ఆవిడ తెచ్చి పాత చోటనే ఆపింది. కాస్త వంకరగా. హ్యాండ్ బ్రేకు వేసింది. మలుపులో తిప్పుకుని రమ్మంటే బజారంతా తిరిగారేం మేడమ్ అంది ఇన్‌స్పెక్టరు.

“రివర్సు ఇంకా చెప్పలేదమ్మా మాస్టారు. ముందుకు వెళ్లడమే వచ్చు.”

మాస్టారు ఇంకా బాసింపట్టులోనే ఉన్నారు. కుడికాలును వదల్లేదు. ఎలా నడిపింది తమ్ముడూ అని అడిగాను. రెండో గేరు కాస్త ముందుగా వేస్తోంది అక్కయ్యా అన్నారు. ఆయన నోట ఏ శిష్యుడికీ అంతకంటే పెద్ద మెప్పు దొరకలేదు.

నోటీసు రద్దయింది. ఇన్‌స్పెక్టరు తన చేత్తోనే అద్దం మీది పసుపు కాగితం గీకి తీసింది. బండి అప్పుడప్పుడూ కదులుతూ ఉండాలి మేడమ్, లేకపోతే మళ్లీ నేనే రావాల్సి వస్తుంది అని చెప్పి వెళ్లింది. ఆ భయం ఇక అక్కర్లేదు. కూరగాయలకని, మందులకని, పనేమీ లేకపోతే పెట్రోలు పోయించుకోవడానికని ఆవిడ రోజూ బండి తీస్తోంది. కొత్త కారాయన పడవను సందు అవతల పెట్టుకుని నడిచి వస్తున్నాడు. ఒళ్లు కూడా కాస్త తగ్గాడు. చిక్కుళ్లు మా గోడ మీద విరగకాస్తున్నాయి, ఎవరికైనా కావాలంటే వచ్చి కోసుకోవచ్చు.

మొన్నీమధ్యే ఆవిడకు పూర్తి లైసెన్సు వచ్చింది. ఇక పక్కన మాస్టారు కూర్చోనక్కర్లేదు. ముందు సీట్లో ఉంటే కాలు ఊరుకోదని ఆయనే వెనక సీట్లోకి మారారు. ఒళ్లో ఆవిడ చేతిసంచి, సంచి మీద రెండు చేతులు. నిన్న నన్ను కూడా ఎక్కించుకుని బజారుకు తీసుకెళ్లారు. నేను ముందు కూర్చున్నాను. దిగేటప్పుడు ఊరికే వెనక సీటు కిందకు తొంగి చూశాను. అక్కడ బ్రేకూ లేదు, క్లచ్చీ లేదు, ఉత్త రబ్బరు పట్టా ఉంది. కొత్తగా వేయించిన పట్టా. కుడికాలు పెట్టే చోట అప్పుడే అరిగిపోవడం మొదలైంది.